తలకట్టు కింద సందు

పావు అంగుళం సందు వల్ల ఒక మనిషి పని పోయింది. ఆ సందు వదిలినవాణ్ణి నేను. పోయిన పని నాది కాదు.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మీలాంటివాళ్లు మా కాలం సంగతులేవైనా రాయమని అడుగుతుంటారు. ముప్పై ఏళ్లకు పైగా చేసిన కొలువులో చెప్పుకుంటే బాగుండేవి కొన్ని లేకపోలేదు. వాటిలో ఏది మొదలుపెట్టినా రెండు వాక్యాలు రాసి లేచిపోతున్నాను. వాకిట్లోకి పోయి, ఏమీ తోచక మళ్లీ వచ్చి కూర్చుంటున్నాను. ఇది రాస్తే తప్ప మిగతావి కదిలేలా లేవు.

యుద్ధం నడుస్తున్న రోజులు. తిరుపతి రైలు స్టేషనుకు దగ్గరలో ఉన్న ధాన్యపు గోడౌనులో నేను గుమాస్తాను. టెంపరరీ పోస్టు. ఖాయం చేస్తామని రెండేళ్లుగా అంటూ ఉన్నారు. నా పైన ఒక ఆఫీసరు. చెడ్డవాడు కాదు, ఎప్పుడూ ఎక్కడికో బయల్దేరబోయే తొందరలో ఉండేవాడు. కింద హమాలీలు. వాళ్లలో ఒకతను గోనెసంచుల మీద ముద్రలు వేసేవాడు. అందరూ అతన్ని ముద్రాయన అనేవారు. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. చదువు రాదు. సాయంత్రానికి మోచేతుల దాకా నల్లరంగు ఉండేది, పొద్దునకు కూడా గోళ్లలోంచి పోయేది కాదు.

ముద్ర వేయడమంటే ఏమిటో ఇప్పుడు చెప్పాల్సి వస్తుంది. పలుచని రేకులో అక్షరాల ఆకారంలో సందులు కోస్తారు. ఆ రేకును సంచి మీద పరిచి రంగు కుంచెతో అద్దితే సందుల్లోంచి రంగు దిగి అక్షరాలు పడతాయి. అంతకుముందు కోసిన ఇత్తడి రేకులు మద్రాసు నుంచి వచ్చేవి. యుద్ధంలో ఇత్తడి కరువైంది. బాంబుల భయానికి మద్రాసు ఖాళీ అయినప్పుడు అక్కడ రేకులు కోసేవాడూ ఎక్కడికో వెళ్లిపోయాడు. “నీ దస్తూరి బాగుంటుంది గదా, నువ్వే ఏదో ఒకటి చెయ్యి” అన్నాడు ఆఫీసరు. దస్తూరికీ రేకు కోతకూ సంబంధం లేదని ఆయనకు తెలియదు. అప్పటికి నాకూ తెలియదు.

తెలిసిన మనిషి మా ఇంట్లోనే ఉంది. మా మామగారు చిత్తూరులో ఒక పాత్రల అంగడి అరుగు మీద కూర్చుని బిందెల మీదా చెంబుల మీదా పేర్లు చెక్కేవాడు. పెళ్లికి ముందు మా ఆవిడ కూడా ఇంట్లో ఆయనతో పాటు చెక్కేది. మా ఇంటికి వచ్చేటప్పుడు చీరల మడతల్లో మూడు చిన్న ఉలులు పెట్టుకొని తెచ్చుకుంది. నేను పుస్తకాలు చదివేవాణ్ణి. ఆమె అక్షరాలు చూసేది. ఈ రెండూ వేరని తెలుసుకోవడానికి చాలా ఖర్చయింది, ఆ ఖర్చు పెట్టుకున్నది వేరొకరు.

ఆదివారం పొద్దున వెనక వాకిట్లో ఎండ బాగా ఉన్న వేళ కూర్చునేవాళ్లం. కిరసనాయిలు డబ్బా విప్పి, కొయ్యసుత్తితో కొట్టి చదును చేసి, బూడిదతో తోమి, తడిసుద్ద పూసేవాళ్లం. సుద్ద ఆరాక దాని మీద మేకుతో అక్షరాలు గీసేవాణ్ణి. రేకును చింతమొద్దు మీద పెట్టి ఉలితో కోయాలి. నేను మొదట గట్టిగా ఒక దెబ్బ వేశాను. ఉలి జారి గీత దాటిపోయింది.

“ఒగే దెబ్బకు తెంచాలని సూడొద్దండి” అంది మా ఆవిడ. “మొదుట గీత మింద ఊరికే నడిపియ్యండి. రేకుకు దోవ తెలియాల. రెండోసారి అదే తెగతాది.”

మూలల్లో ముందు మేకుతో చిన్న బెజ్జం పెట్టుకోవాలి, లేకపోతే కోత ఆగవలసిన చోట ఆగదు. కోశాక వెనకవైపు లేచిన అంచును ఆకురాయితో అరగదీసి, తిరగేసి తట్టి చదును చేయాలి. అంచు లేచి ఉంటే రంగు కిందికి పాకి అక్షరం అలుక్కుపోతుంది. ఇవన్నీ ఆమె చెప్పినవే.

నేను కోసిన మొదటి సున్న నడిమి ముక్క ఊడి కింద పడింది. సున్న పోయి పెద్ద బొక్క మిగిలింది. ఆమె ఆ బిళ్ల ఏరి, నుదుటి మీద పెట్టుకొని చూపించి, “దీన్ని బొట్టుకు పెట్టుకోమంటారా?” అంది. అప్పటి నుంచి సున్నలాంటి మూసిన అక్షరాల్లో నడిమి ముక్క నిలవడానికి రెండు చోట్ల సన్నగా రేకును కోయకుండా వదిలేవాళ్లం. దాన్ని మేము పట్టు అనుకునేవాళ్లం. పట్టు ఉన్న చోట రంగు పడదు, అక్షరంలో సందు మిగులుతుంది. ఆ సందును తర్వాత కుంచెతో పూడ్చేయాలి. పూడ్చకపోయినా అర్థమయ్యే చోట పట్టు పెట్టడమే కోసేవాడి తెలివి.

ఆ ఏడు వానలు లేవు. తిండిగింజలు, విత్తనం గింజలు రెండూ మా గోడౌను నుంచే ఊళ్లకు పోవాలి. రెండూ జొన్నలే. కాగితాల్లో ఒకటి తిండి పద్దు, ఒకటి విత్తన పద్దు. విత్తనపు జొన్నలకు పురుగు పట్టకుండా విషపు పొడి కలిపి పంపమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ సంచుల మీద పెద్ద అక్షరాలతో ‘తినవద్దు’ అని ముద్ర వేయాలన్నాడు ఆఫీసరు. రైలు పెట్టె వచ్చేలోపల కావాలన్నాడు.

తి, న కోసేశాను. వ దగ్గర మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. వ మూసిన అక్షరం, లోపలి ముక్కకు పట్టు కావాలి. నేను తలకట్టు వచ్చి కలిసే చోట, పైన, వెడల్పుగా ఒకటే వదలబోయాను.

“ఆడ వద్దు. కింద రెండు సన్నవి పెట్టండి.”

“కింద సన్నవి పెడితే కుంచె తగిలి వంగిపోతాయి. పైన ఒకటి పెడితే గట్టిగా ఉంటుంది.”

“గట్టిగానే ఉంటాది. తలకట్టు అతకదు. తలకట్టు అతకకపోతే అది వ యాడయితాది, ప అయితాది.”

“తిన అని చదివినాక పద్దు అని ఎవరు చదువుతారు?” అన్నాను నేను.

ఆమె చెయ్యి తీసేసింది. చదువుకున్నవాడితో వాదించడం ఎందుకనుకుందో, తొందరలో ఉన్నాననుకుందో. నేను పైనే పట్టు వదిలాను. కోత బాగా వచ్చింది. నేను కోసిన రేకులన్నిట్లోకీ శుభ్రంగా వచ్చింది అదేనని ఇప్పటికీ అనుకుంటాను.

ముద్రాయన మర్నాడు పొద్దున సంచుల మీద దాన్ని అద్దాడు. నేను లెక్క చూసుకుంటూ పక్కన నిలబడ్డాను. మొదటి సంచి మీద నుంచి రేకు ఎత్తి, వంగి చూసి, కుంచె కొనతో ఆ సందును చూపించాడు.

“సామీ, ఈ సందు పూడ్సల్లనా?”

అవతల రైలు పెట్టె తలుపులు తీసి ఉన్నాయి. స్టేషను మనిషి రెండుసార్లు కేకేశాడు.

“అక్కర్లేదప్పా. టైమైపోతా ఉండాది, కానియ్యి” అన్నాను.

అతను మళ్లీ అడగలేదు. అన్నీ అట్లాగే వేశాడు.

పది రోజులకు, మేం సంచులు పంపిన సత్యవేడు డిపో నుంచి కాగితం వచ్చింది. తిండి పద్దు కింద వచ్చిన జొన్నల్లో కొన్నిటికి ఏదో వాసన వస్తోందని ఊళ్లవాళ్లు అంటున్నారనీ, ఏం చేయాలో తెలపవలసిందనీ. ఆఫీసరు దాన్ని రెండుసార్లు పైకి చదివాడు. నేను ఆయన బల్ల ముందు నిలబడి మొదటిసారే అర్థం చేసుకున్నాను. “నువ్వూ, ముద్ర వేసేవాడూ ఇప్పుడే పోండి. ఒక్క గింజ కూడా మిగలకుండా వెనక్కి తీసుకోండి” అన్నాడు.

రేణిగుంటలో బండి మారి, పుత్తూరులో దిగి, అక్కడ బస్సు పట్టుకున్నాం. పెట్రోలు లేక బస్సులకు వెనక బొగ్గుపొయ్యి తగిలించి నడుపుతున్న కాలం. చిన్న మిట్ట వచ్చినా ఆగేది. కండక్టరు దిగి పొయ్యి కుళ్లగించేవాడు. ఆగినప్పుడల్లా నేను దిగి ముందుకు నాలుగడుగులు నడిచి వచ్చేవాణ్ణి, నేను నడిస్తే బస్సు కదులుతుందన్నట్టు.

“కూసో సామీ” అన్నాడు ముద్రాయన. “బొగ్గు తినే బండిని నేనింతవరకు సూడలే. దీని మింద గూడా మన ముద్ర ఏసింటే ఆకలితో సచ్చిండేది.”

నేను అడిగాను, “నీకు ఆ అక్షరాలు ఏమిటో తెలుసా?”

“నాకు అన్నీ ఒగే మాదిరి సామీ. నల్లగుండేది రాత, మిగిలింది గోనె. సందుంటే పూడ్సాలని మాత్రం మా పెద్దాయన చెప్పినాడు.”

అని కిటికీలోంచి బయటికి చూశాడు. నన్ను ఎత్తిపొడవడానికి అన్నాడో, ఊరికే అన్నాడో తెలియదు. నేను మాట మార్చాను.

డిపో చూసే ఆయన మమ్మల్ని తీసుకెళ్లి సంచి చూపించాడు. ఊరి లెక్కలు రాసి రాసి అరిగిపోయిన మనిషి. వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివాడు. “తి, న, ప, ద్దు. తిన పద్దు. తిండి పద్దును మీ టౌనోళ్లు అట్ల రాస్తారు గామాలనుకున్నా. నలభై ఏండ్లుగా పద్దులు రాసేవాణ్ణి, పద్దు అంటే నాకు తెలీదా అప్పా?”

నేను సంచి దగ్గరికి పోయి చూశాను. నాకు అప్పుడు కూడా ‘తినవద్దు’ అనే కనిపించింది. కళ్లు మూసి, మళ్లీ తెరిచి, ఆ ఒక్క అక్షరం చుట్టూ చేతులు అడ్డం పెట్టుకుని చూస్తే తప్ప ప కనిపించలేదు. ఎక్కువ చదివే అలవాటున్నవాళ్లం ముందే తెలిసిన మాటను చూస్తాం, అక్షరాన్ని చూడం. మీరు గుర్తుంచుకోదగ్గది ఈ వృత్తాంతంలో ఏమైనా ఉంటే ఇదొకటి.

రెండు సంచులు విప్పి ఒక పల్లెలో పంచేశారు. మిగతావి కట్టు విప్పకుండానే ఉన్నాయి. మర్నాడు ఆ పల్లెకు నడిచి వెళ్లాం. నేను ప్రతి ఇంటి ముందూ నిలబడి ‘ఎవరికైనా వాంతులయ్యాయా’ అని అడగడం, ముద్రాయన చేటలోని గింజలు గోతంలో పోసుకోవడం. వాసనకు చాలామంది పక్కన పెట్టేశారు. ఒకరిద్దరికి కడుపునొప్పి వచ్చి తగ్గింది. చివరి ఇంట్లో ఒకావిడ మమ్మల్ని చూడగానే పెరట్లోకి పోయి, చచ్చిన కోళ్లను తెచ్చి నా కాళ్ల ముందు వేసింది.

“కడుగు నీళ్లు తాగి సచ్చినాయి. సంకటి కెలికి బిడ్డలకు పెట్టబోతాండా. కోడి వాకిట్లో గిరగిరా తిరిగి పడింది. అది పడకుంటే నేను పెట్టేసిందును. ఎవురు రాసినారు సామీ దాని మింద తిండికని?”

“ఆఫీసులో రాస్తారమ్మా” అన్నాను.

ముద్రాయన గోతం మూతి కడుతూ తల ఎత్తలేదు. ఆమె పొయ్యి దగ్గర ఉన్న ముంతలో అడుగు గింజలు కూడా ఊడ్చి తెచ్చి ఇచ్చింది. “ఇంగ ఏం పెట్టమంటావు వీళ్లకు?” అంది. ముద్రాయన తన తుండులో కట్టుకున్న రాగిరొట్టెలు తీసి గడప మీద పెట్టి బయటికొచ్చాడు.

తిరిగి వచ్చిన రోజే విచారణ. విచారణంటే పెద్దదేం కాదు. ఆఫీసరు బల్ల మీద రేకు, పక్కన ఒక ఖాళీ సంచి. నేను ఒక పక్క, ముద్రాయన ఒక పక్క.

“రేకులో సందు ఉంటుంది, అది మామూలే” అన్నాడు ఆఫీసరు. “అద్దినాక దాన్ని పూడ్చాల్సింది ఎవరు?”

“నేనే దొరా” అన్నాడు ముద్రాయన.

“మరెందుకు పూడ్చలేదు?”

ముద్రాయన నా వైపు చూశాడు. కోపంగా కాదు. బరువైన మూట ఎత్తేటప్పుడు అవతలివాడు సిద్ధమేనా అని చూస్తారు చూడండి, అట్లా చూశాడు. నేను బల్ల మీది రేకు వైపు చూశాను. ఆ నెలలోనే నా పోస్టు ఖాయమయ్యే కాగితం రావలసి ఉంది. అది కారణం కాదని చెప్పను. అదొక్కటే కారణమని కూడా చెప్పలేను. నోరు తెరిస్తే, మా ఆవిడ ముందే చెప్పిందన్న సంగతి కూడా బయటికి వస్తుందనిపించింది. తిరుపతిలో నాలుగు పుస్తకాలు చదివినవాడినని నాకు కొంచెం పేరుండేది.

అతను నా వైపు నుంచి ఆఫీసరు వైపు తిరిగాడు. “తప్పయింది దొరా” అన్నాడు.

“రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు” అన్నాడు ఆఫీసరు, టోపీ తీసుకుంటూ.

ఇంటికి వచ్చి జరిగింది చెప్పాను. అంతా చెప్పాను. ఆమెతో సగం చెప్పడం నాకు చేతకాదు. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఏరడం ఆపకుండానే వింది.

“పూడ్సల్లనా అని ఆయప్ప అడిగినాడని చెప్పినారా?”

“లేదు.”

“ప అయితాదని నేను చెప్పినేది?”

“అదీ లేదు.”

“నాది పోనీండి. ఆయప్పది చెప్పాల గదా.” చేటలో గింజలు అటూ ఇటూ తిప్పింది. “పద్దన్నే బిన్నా పోండి, ఆలస్యం జెయ్యొద్దండి.”

తర్వాత ఆ మాట ఎత్తలేదు. అన్నం పెట్టింది, నేను తిన్నాను. ఆమె నన్ను తిట్టి ఉంటే కూర్చోగలిగేవాణ్ణి. సాయంత్రమంతా అరుగు దిగి వీధి చివరిదాకా పోవడం, రావడం. అప్పుడే ముద్రాయన ఇంటికి పోయి ఉండవచ్చు. రైలు కట్ట అవతలే, పది నిమిషాల నడక. ముందు ఆఫీసరుకు చెప్పి, తర్వాత పోవడం పద్ధతి అనుకున్నాను. పద్ధతి అనే మాట మీ ఉద్యోగాల్లో కూడా అక్కరకు వస్తుంది. జాగ్రత్త.

పొద్దునే గోడౌను తాళం తీయకముందే పోయి నిలబడ్డాను. ఆఫీసరు కొండ మీదికి వెళ్లాడన్నారు. మధ్యాహ్నానికి దిగి వచ్చాడు. చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది. “నిన్న నీ నోరేమైంది?” అన్నాడు. నా సర్వీసు పుస్తకంలో ఒక వాక్యం రాశాడు. పోస్టు ఖాయం కావడం ఒక ఏడు వెనక్కి పోయింది. అంతకంటే నాకు ఏమీ కాలేదు. అతన్ని మళ్లీ పనిలోకి తీసుకుంటున్నట్టు ఒక చీటీ రాసి నా చేతికిచ్చాడు.

రైలు కట్ట దాటి పరుగులాంటి నడకతో వెళ్లాను. ముద్రాయన భార్య వాకిట్లో ఉంది. నన్ను చూసి లేవలేదు.

“ఆయప్ప లేడు. పద్దన్నే గూడూరు బండికి పోయినాడు. మైకా గనిలోకి మనుసులు గావాలంటే మైస్త్రీ పిల్సకపోయినాడు.”

“మళ్లీ పనిలోకి రమ్మని చీటీ తెచ్చినానమ్మా.”

“నిన్న ఇంటికొచ్చిన కాడి నుంచి ఒగే మాట సామీ. సామి చెప్తాడులే, మనసు పట్టక నిలబడిపోయినాడు, రేపు చెప్తాడులే అని. టేసను కాడ గూడా మీ గోడౌను తట్టే సూస్తాన్నాడు. బండి కదిలేదాకా.”

నేను నిలబడే ఉన్నాను. కూర్చోమని ఆమె అనలేదు.

“ఏం రాసినారు దాంట్లో? సదువు.”

చదివాను. ముద్రలు వేసే పనిలోకి ఫలానావాణ్ణి తిరిగి తీసుకోవడమైనది. రెండు వరసలు.

“ఆయప్ప తప్పు లేదని ఉండాదా?”

చీటీ ఇంకోసారి చూశాను, చూస్తే వస్తుందన్నట్టు. “లేదమ్మా.”

“అట్లయితే రాయించుకోని రా. పని యాడైనా దొరుకుతాది. ఆ పల్లెలో కోళ్లను సంపినోడని రేప్పొద్దున అందురూ ఆయప్పనే అనుకుంటారు.”

రాయించుకుందామని వెళ్లాను. ఆఫీసరు రెండు రోజులు ఊళ్లో లేడు. వచ్చాక, “పని ఇచ్చాం కదయ్యా, ఇంకేం కావాలట?” అన్నాడు. రాయనన్నాడు. అప్పుడు ఆయన చీటీ కిందే నా చేతితో నేనే రాసి, సంతకం పెట్టి, తీసుకుని వెళ్లాను. ఇంటికి తాళం. పక్కింటివాళ్లు చెప్పారు, బిడ్డలను తీసుకుని ఆమె కూడా గూడూరు బండి ఎక్కిందని.

గూడూరు రెండుసార్లు పోయాను. గనులు ఒక చోట లేవు. అడిగిన ప్రతి మేస్త్రీ, పేరు చెప్పు అన్నాడు. చెప్పాను. ఆ పేరుగల వాళ్లు చాలామంది ఉన్నారు, ముద్రలు వేసేవాడంటే ఎవరికీ తెలియదు. అక్కడ అతను ముద్రలు వేయడం లేదు కదా. మూడోసారి బయల్దేరితే మా ఆవిడ టిఫిన్ గిన్నె సర్ది ఇస్తూ, “ఇది ఆయప్ప కోసరం పోతాండారా, మీ కోసరమా?” అంది. గిన్నె తిరిగి గూట్లో పెట్టాను, బండి వెళ్లిపోయింది. ఆ తర్వాత పోలేదు.

‘తినవద్దు’ రేకును ఆమే మళ్లీ కోసింది, వ కింద రెండు సన్న పట్లతో. అవి వంగలేదు. గోడౌను మూసేదాకా దాన్నే వాడారు. అది నేను కోసిందనే అందరూ అనుకున్నారు, నేను కాదనలేదని ఇప్పుడు రాస్తున్నప్పుడు గుర్తొస్తోంది.

ఆమె పోయి పదకొండు నెలలైంది. ఆ పొద్దు గోడౌనులో ముద్రాయన ఏమడిగాడో, నేనేమన్నానో నేను కాక తెలిసినవాళ్లలో నా దగ్గర మిగిలిన మనిషి ఆమె ఒక్కతే. ఇంట్లో ఒక చోట కూర్చోలేకపోవడానికి అదొక కారణమేమో. ఇప్పటికీ నా దగ్గరే మిగిలిపోయిన ఆఫీసరు చీటీ కింద నేను రాసిన వాక్యాలు ఇవి: ‘సందు పూడ్చాలా అని ఇతను అడిగినాడు. అక్కర్లేదని నేను చెప్పినాను. తప్పు ఇతనిది కాదు.’ ముద్రాయనకు చదవడం రాదు, అతని భార్యకూ రాదు. వాళ్ల మనవలకైనా వచ్చి ఉంటుంది.